16 అడుగుల అల్యూమినియం బోటుకి ఏ ఫిష్ ఫైండర్ మంచిది? ట్రాన్స్‌డ్యూసర్ ఎక్కడ బిగించాలి?

ఫ్రిస్కో_చేపలోడు:

అందరికీ నమస్కారం. మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మార్చిలో ఒక పాత అల్యూమినియం బోటు కొన్నాను, 16 అడుగులది, వెనక 40 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ మోటారు. ఎక్కువగా లేక్ టెక్సోమాకే వెళ్తాం, స్ట్రైపర్ చేపల కోసం. టైమ్ లేనప్పుడు పక్కనే ఉన్న లూయిస్‌విల్ లేక్. ఈ బోటు డబ్బులతో ఎన్నేళ్లు చేపలు కొనుక్కుని తినొచ్చో మా ఆవిడ ఇప్పటికే లెక్క కట్టి చెప్పింది, కాబట్టి 500 డాలర్లు దాటితే నేను బోటులోనే పడుకోవాలి.

నా డౌటు ఏంటంటే, నీళ్లలో చేపల్ని చూపించే ఈ ఫిష్ ఫైండర్లలో కొత్తది 7 అంగుళాల స్క్రీను, సైడ్ స్కాన్ (బోటు పక్కల ఏముందో చూపించేది) ఉన్నది ఒకటి చూశాను. ఇంకొకాయన దగ్గర వాడిన 9 అంగుళాలది ఉంది, రేటు ఇంకా తక్కువ, కానీ ట్రాన్స్‌డ్యూసర్, అంటే నీళ్లలో ఉండి శబ్దం పంపే ముక్క, లేదు, "ఆన్‌లైన్‌లో ఏదో ఒకటి కొనుక్కోండి, పనిచేస్తుంది" అంటున్నాడు. స్క్రీను పెద్దదైతే ఎండలో బాగా కనపడుతుందని ఆశ. ఇంకోటి, డబ్బాల మీద 83/200, 455/800, చిర్ప్ అని రాసి ఉంటాయి, అవి చదువుతుంటే నాకు ఇంటర్ ఫిజిక్స్ పరీక్ష గుర్తొచ్చి టెన్షన్ వస్తోంది. అన్నిటికంటే ముఖ్యంగా, బోటు వెనక గోడకి డ్రిల్లుతో కన్నాలు పెట్టాలంటే మనసు ఒప్పడం లేదు. పెట్టక తప్పదా?

టెక్సోమా_బాబాయ్:

అబ్బాయ్, ముందు ఆ 9 అంగుళాలది వదిలెయ్. స్క్రీను అంటే టీవీ లాంటిదే, చూసేది నీళ్లలో ఉన్న ట్రాన్స్‌డ్యూసరే. "ఏదో ఒకటి కొనుక్కో" అన్నాడంటే ఆయనకి తెలీదన్నా అయ్యుండాలి, తెలిసీ చెప్పకపోయి ఉండాలి. గార్మిన్ అనే ఒక్క కంపెనీలోనే 4 పిన్నులవి, 8 పిన్నులవి, 12 పిన్నులవి వేరువేరు ప్లగ్గులున్నాయి. కొన్నిటికి అడాప్టర్ దొరుకుతుంది, కానీ సైడ్ స్కాన్ లేని యూనిట్‌కి ఎంత ఖరీదైన ట్రాన్స్‌డ్యూసర్ తగిలించినా పక్కకి చూడదు. నేను మొదటి బోటుకి ఇదే తప్పు చేశా, నా షెడ్డులో ఆ వైరు చుట్ట ఇంకా మేకుకి వేలాడుతూ ఉంది. డబ్బాలో రెండూ కలిపి వచ్చేదే కొను. నీ బడ్జెట్‌లో అలాంటివి ఉన్నాయి.

నంబర్ల సంగతి. ట్రాన్స్‌డ్యూసర్ కిందికి శబ్దం పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనికి పట్టిన టైమ్‌ని బట్టి లోతు లెక్క కడుతుంది, అంతే. ఆ శబ్దం టార్చిలైటు వెలుగులా కిందికి పోయేకొద్దీ విచ్చుకుంటుంది. 200 కిలోహెర్ట్జ్ ఇరుకు, సుమారు 20 డిగ్రీలు అనుకో, 30 అడుగుల లోతులో నువ్వు చూసేది పదిన్నర అడుగుల వెడల్పు గుండ్రం. 83 వెడల్పు, 60 డిగ్రీలు, అదే లోతులో 35 అడుగులు. ఎక్కువ చోటు కనిపిస్తుంది కదా అని 83కే పోకు, ఎందుకంటే ఆ 35 అడుగుల్లో చేప నీ బోటు కింద ఉందో పక్కన పదిహేను అడుగుల దూరాన ఉందో అది చెప్పదు, పైగా నేల వాలుగా ఉన్నచోట అడుగున ఆనుకున్న చేపలు స్క్రీన్లో నేల గీతలోనే కలిసిపోతాయి. టెక్సోమాలో స్లాబ్ అనే బరువైన లోహపు ఎర నిటారుగా దించి ఆడించేవాడికి ఇరుకుదే కావాలి, స్క్రీన్లో ఎర దిగడం కూడా గీతలా కనిపిస్తుంది. చిర్ప్ అంటే ఒకే ఫ్రీక్వెన్సీ కాకుండా తక్కువ నుంచి ఎక్కువకి ఒక వరస మొత్తం పంపడం, దానివల్ల పక్కపక్కనే ఉన్న రెండు చేపలు ఒకే ముద్దలా కాకుండా విడివిడిగా కనిపిస్తాయి. 455/800 అనేవి సైడ్ స్కాన్, డౌన్ స్కాన్ (కిందికి చూసేది) బొమ్మలకి. మునిగిపోయిన చెట్లు, రాళ్లు ఫోటోలా కనిపిస్తాయి గానీ చేపని పట్టుకోవడానికి నేనైతే మామూలు సోనారే చూస్తా.

ఇక కన్నాలు. ట్రాన్స్‌డ్యూసర్ కోసం నేరుగా బోటుకి పెట్టకు. కటింగ్ బోర్డు లాంటి దళసరి ప్లాస్టిక్ పలక దొరుకుతుంది, దాన్ని ఒక్కసారి వెనక బిగించేసి, ట్రాన్స్‌డ్యూసర్ ఆ పలకకి స్క్రూ చెయ్యి. తర్వాత పైకి కిందకి ఎన్నిసార్లు జరిపినా దెబ్బ పలకకే. పలక స్క్రూలకి మెరైన్ సీలెంట్ పెట్టు, బాత్రూం సిలికాన్ కాదు. 5200 అని ఒకటి ఉంది, అది పెడితే మళ్లీ ఊడదీయడం నరకం, 4200 చాలు.

కొందరు ట్రాన్స్‌డ్యూసర్‌ని బోటు లోపలే జిగురుతో అతికించేస్తే పోలా అంటారు. అది గట్టి ఫైబర్‌గ్లాస్ బోట్లకి. అల్యూమినియం బోటుకి పనికిరాదు.

లైవ్_పిచ్చోడు:

ఇవన్నీ ఎందుకు బ్రో, గార్మిన్ లైవ్‌స్కోప్ పెట్టేసుకో. చేప తల తిప్పడం కూడా వీడియోలా కనపడుతుంది. 2018లో వచ్చింది, అప్పట్నుంచి నేను వేరేది ముట్టుకోలేదు.

టెక్సోమా_బాబాయ్:

ఒక్క ట్రాన్స్‌డ్యూసరే వెయ్యి డాలర్లు దాటుతుంది నాయనా. ఆ అబ్బాయిని నిజంగానే బోటులో పడుకోబెట్టేలా ఉన్నావ్.

విశాఖ_హార్బర్:

నేను చెరువుల్లో వేట చేయలేదు అన్నా, మాది సముద్రం. మా తాత సీసం గుండు కట్టిన తాడు వదిలి ఇన్ని బారలు అని చెప్పేవాడు, గుండుకి అంటుకొచ్చిన ఇసకో బురదో చూసి కింద ఏముందో కూడా చెప్పేవాడు. ఇప్పుడు మా బోటులో ఎకో సౌండర్ ఉంది. లోతు నీళ్లకి 50 కిలోహెర్ట్జ్ పెడతాం, తక్కువ ఫ్రీక్వెన్సీ ఎక్కువ లోతుకి పోతుంది, మీ చెరువుకి అది అక్కర్లేదు.

ఒక్క మాట చెప్పాలనిపించింది. ఆ డబ్బా నీ బోటు కింద ఏముందో చెబుతుంది గానీ ఎటు పోవాలో చెప్పదు. మాకు ఆ పనికి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) వాళ్లు శాటిలైట్‌లో నీటి వేడి, నాచు రంగు చూసి ఫలానా దిక్కున ఫలానా లోతులో పొమ్మని కబురు పంపుతారు. మరి మీకెవరు చెబుతారు?

టెక్సోమా_బాబాయ్:

మాకు కొంగలు చెబుతాయి తమ్ముడూ, కొంగలంటే సీగల్స్. చలికాలంలో షాడ్ అనే చిన్న చేపల్ని కింద నుంచి స్ట్రైపర్లు తరుముతుంటే పైన పక్షులు గుంపుగా వాలతాయి. అన్నట్టు ఈ స్ట్రైపర్ అసలు సముద్రపు చేపే, గుడ్లకి నదిలో పైకి ఈదుకుంటూ పోతుంది, మన పులస లాగే. టెక్సోమాలోకి వచ్చే రెడ్, వాషిటా నదులు పొడుగ్గా ఉన్నాయి కాబట్టే ఇక్కడ వాటంతట అవే పిల్లలు పెడుతున్నాయి.

ఫ్రిస్కో_చేపలోడు:

అప్‌డేట్. 7 అంగుళాలదే కొన్నా, ట్రాన్స్‌డ్యూసర్‌తో కలిపి. పలక పెట్టి బిగించా. మెల్లగా పోతే అద్భుతం, కానీ స్పీడు 20 మైళ్లు దాటగానే లోతు అంకె మినుకుమినుకుమని ఆగిపోతోంది, స్క్రీనంతా మరకలు. యూనిట్ పాడైందా బాబాయ్ గారూ?

టెక్సోమా_బాబాయ్:

యూనిట్‌కేం కాలేదు, బుడగలు. బోటు వెనక్కి వెళ్లి నేల మీద పడుకుని అడుగు చూడు, ట్రాన్స్‌డ్యూసర్‌కి ఎదురుగా రివెట్ల వరస ఉందా? ఉంటే అక్కడ లేచిన బుడగలు నేరుగా దాని మీదికే వస్తాయి. నునుపుగా ఉన్నచోటికి, కుడివైపు, మోటారు ఫ్యాన్‌కి కనీసం 15 అంగుళాల దూరంలోకి జరుపు. అల్యూమినియం బోటుకి అడుగుకంటే 10 మిల్లీమీటర్లు కిందికి దించు. వైరు మిగిలితే కత్తిరించకు, చుట్టి కట్టు. పవర్ వైరు బ్యాటరీకి నేరుగా, మధ్యలో ఫ్యూజుతో.

ఫ్రిస్కో_చేపలోడు:

పడుకుని చూశా. సరిగ్గా రివెట్ల వెనకే పెట్టాను. నాలుగు అంగుళాలు జరిపి, కాస్త కిందికి దించా. శనివారం 28 మైళ్ల స్పీడులో కూడా లోతు అంకె పోలేదు. చేప బొమ్మలు వేసే ఫిష్ ఐడీ మా అమ్మాయి ఆన్ చేసింది, కొమ్మకి కూడా చేప బొమ్మ వేస్తోంది, ఆపేశా. 38 అడుగుల దగ్గర స్క్రీన్లో వంపు గీతలు నాలుగు కనిపించాయి, స్లాబ్ దించుతుంటే ఒక గీత దానికి ఎదురుగా పైకి లేచింది. లాగేసరికి 6 పౌండ్లు. మా ఆవిడ పులుసు పెట్టింది, లెక్క మాత్రం ఇంకా ఆపలేదు.