హార్ట్‌గోల్డ్‌లో విట్నీ మిల్‌ట్యాంక్ రోలౌట్‌ని తప్పేలా చేయడం ఎలా?

నింటెండో డీఎస్‌లో పోకెమాన్ హార్ట్‌గోల్డ్ ఆట, మూడో జిమ్, అక్కడి లీడర్ విట్నీతో పోరు. ఆమె క్లెఫెయిరీ సులువుగానే పడిపోతోంది, చిక్కంతా లెవెల్ 19 మిల్‌ట్యాంక్ దగ్గరే. దాని రోలౌట్ (దొర్లుతూ కొట్టే రాతి రకం దెబ్బ) పవర్ 30తో మొదలై, తగిలిన ప్రతిసారీ రెట్టింపవుతూ ఐదో దెబ్బకి 480కి చేరుతుంది. గురి తప్పితే మాత్రం మళ్లీ మొదటికొస్తుంది.

మగ క్విలావాని దింపితే, ఆడదైన మిల్‌ట్యాంక్ అట్రాక్ట్ (ఎదుటి లింగం పోకెమాన్‌ని మోహంలో పడేసే మూవ్) వేసి కదలనివ్వలేదు. గ్యాస్ట్‌లీ వేసిన, నిద్రపుచ్చే హిప్నాసిస్ తగిలింది గానీ మిల్‌ట్యాంక్ తన దగ్గరున్న లమ్ బెర్రీ తిని వెంటనే లేచింది. లెవెల్ 18 ఆడ జియోడ్యూడ్‌కి అట్రాక్ట్ పనిచేయదు, రోలౌట్ దెబ్బ కూడా సగమే. అయినా నాలుగో దెబ్బకి పడిపోతోంది. రోలౌట్ వేయని టర్నుల్లో, నేను హెచ్‌పీ (ప్రాణబలం) తగ్గిస్తే మిల్క్ డ్రింక్‌తో తన పూర్తి హెచ్‌పీలో సగం వెనక్కి తెచ్చుకుంటోంది.

అందుకే పిడ్జీతో మూడుసార్లు శాండ్ అటాక్ వేసి, జియోడ్యూడ్‌కి మారదామనుకున్నా. మూడు పడితే రోలౌట్ గురి 90 నుంచి 45 శాతానికి దిగుతుంది, మార్చినా ఆ తగ్గుదల మిల్‌ట్యాంక్ మీదే ఉంటుంది. కానీ పిడ్జీ ఎగిరే రకం, రాతి దెబ్బ రెండింతలు తగిలి రెండో టర్నుకే పడిపోతోంది.

ఈ జిమ్‌కి ముందే దొరికేవాటిలో, రాతి దెబ్బని తట్టుకుంటూ శాండ్ అటాక్ లాంటిది మూడుసార్లు వేయగల పోకెమాన్ ఏది?