నాన్నగారికి ఫోన్ కొనేటప్పుడు బ్యాటరీకే మొదటి స్థానం ఇవ్వడం సరైనదేనా?

ప్రశ్న: పల్నాటి మిర్చి

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు పల్నాడు జిల్లాలో మిర్చి, పత్తి సాగు చేస్తారు. ఆయన ఫోన్ కొని మూడేళ్లు దాటింది. ఉదయం నిండా ఛార్జింగ్ పెట్టుకుని పొలానికి వెళ్తే మధ్యాహ్నం భోజనాల వేళకే అది పావు వంతుకు దిగిపోతోంది. మొన్న గుంటూరు మిర్చి యార్డుకు సరుకు తీసుకువెళ్లినప్పుడు, తెరపై ఇంకా 18 శాతం కనిపిస్తుండగానే, బండి కిరాయి చెల్లించబోయే సమయానికి ఫోన్ ఆగిపోయింది. కమీషన్ వ్యాపారి దగ్గర చేబదులు తీసుకుని కిరాయి ఇవ్వవలసి వచ్చింది. డబ్బు కంటే, అలా అడగవలసి రావడమే ఆయనకు ఎక్కువ కష్టంగా అనిపించింది.

కొత్త ఫోన్ కొనాలని అనుకుంటున్నాను. హైదరాబాదులో మా కార్యాలయంలోని వారందరూ ప్రాసెసర్ చూడమనో, కెమెరా చూడమనో చెబుతున్నారు. బ్యాటరీ మాటెత్తితే ఒక పవర్ బ్యాంక్ కొనిస్తే సరిపోతుందని తేల్చేస్తున్నారు. బ్యాటరీని అన్నిటికంటే ముందు చూడడం తప్పా? పెట్టె మీద 5000, 6000, 7000 అని వేసే అంకెలను ఎంతవరకు నమ్మవచ్చు? అసలు ఫోన్ మార్చకుండా బ్యాటరీ ఒక్కటే మార్చించడం మేలా? అనుభవమున్నవారు చెప్పగలరు.

సమాధానం 1: ఓం నియమం

మీ కార్యాలయంలోని వారి సలహా వారి జీవితానికి సరిపోతుంది. చేతికందే దూరంలో రోజంతా ప్లగ్గు ఉన్నవారికి బ్యాటరీ మన్నిక ఒక సౌకర్యం మాత్రమే. ఉదయం ఆరు గంటలకు ఇల్లు వదిలి సాయంత్రం దాకా కరెంటు లేని చోట తిరిగేవారికి మాత్రం ఆ ఫోన్‌లోని మిగతా సదుపాయాలన్నీ బ్యాటరీ ఉన్నంతసేపే ఉంటాయి. 2016లో యూపీఐ వచ్చిన తర్వాత మన డబ్బు, బ్యాంకు పంపే ఓటీపీ, డిజీలాకర్‌లోని లైసెన్సు, రైలు టికెట్టు అన్నీ ఒకే పరికరంలోకి చేరాయి. అందువల్ల ఇదివరకు ఫోన్ ఆగిపోతే మాట మాత్రమే ఆగేది, ఇప్పుడు చెల్లింపు, ప్రయాణం, గుర్తింపు కూడా దానితో పాటే ఆగిపోతున్నాయి. కాబట్టి మీ ఆలోచనలో తప్పేమీ లేదు.

అయితే పెట్టె మీది అంకె విషయంలో జాగ్రత్త అవసరం. ఆ అంకెకు కొలమానమైన మిల్లీ ఆంపియర్ అవర్ అనేది లోపల ఎంత నిల్వ ఉందో చెబుతుందే తప్ప, అది ఎంత వేగంగా ఖర్చవుతుందో చెప్పదు. బిందె పెద్దదైనంత మాత్రాన దాని చిల్లు చిన్నదైపోదు కదా. మీ నాన్నగారి విషయంలో ఆ చిల్లులు ఎక్కడున్నాయో చూద్దాం. మొదటిది ఎండ. ఆరుబయట అక్షరాలు కనిపించాలంటే తెర వెలుగు గరిష్ఠ స్థాయికి వెళ్లక తప్పదు, ఫోన్‌లో ఎక్కువ విద్యుత్తును తినే భాగాల్లో తెర ఒకటి. రెండవది సిగ్నల్, దీన్ని చాలామంది పట్టించుకోరు. టవర్ దూరంగా ఉన్నకొద్దీ ఫోన్ తన ప్రసార శక్తిని పెంచుకుంటుంది, సిగ్నల్ తెగిపోతే మళ్లీ మళ్లీ వెతుకుతుంది. అందుకే ఎవరూ ముట్టుకోకుండా జేబులో ఉన్న ఫోన్ కూడా పొలంలో వేడెక్కుతుంది, ఛార్జింగ్ తరిగిపోతుంది. మీ ఊరిలో 5జీ అంతంతమాత్రంగా ఉంటే సెట్టింగులలో 4జీకి పరిమితం చేసి చూడండి. ఖర్చు లేని పని ఇది. చాలా సందర్భాల్లో తేడా అదే రోజు తెలుస్తుంది.

ఇక మూడవది వేడి. ఇది ఆ రోజు ఛార్జింగ్‌ను మాత్రమే కాక బ్యాటరీ ఆయుష్షునే తగ్గిస్తుంది. ఆపిల్ సంస్థ తన ఐఫోన్లను 0 నుంచి 35 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతలో వాడమని సూచిస్తుంది. మన రెంటచింతల వైపు మే నెలలో నీడలోనే 44 డిగ్రీలు దాటడం కొత్త కాదు. అంత వేడిలో లిథియం అయాన్ బ్యాటరీ లోపలి ద్రావకానికీ ఎలక్ట్రోడులకూ మధ్య అవసరం లేని రసాయన చర్యలు వేగం పుంజుకుంటాయి, వాటివల్ల పోయిన సామర్థ్యం చల్లబడిన తర్వాత తిరిగి రాదు. నిండా ఛార్జింగ్ ఉన్న ఫోన్‌ను ట్రాక్టరు మీద ఎండలో వదిలేయడం అన్నిటికంటే చెడ్డది.

18 శాతం చూపిస్తూనే ఆగిపోవడం గురించి కూడా చెప్పాలి. పాతబడిన బ్యాటరీలో అంతర్నిరోధం, అంటే విద్యుత్తు ప్రవాహానికి లోపలే ఎదురయ్యే అడ్డు, పెరుగుతుంది. యూపీఐ కోడ్ స్కాన్ చేయడానికి కెమెరా తెరిచిన క్షణంలో ఒక్కసారిగా ఎక్కువ విద్యుత్తు అవసరమవుతుంది, అప్పుడు వోల్టేజీ హఠాత్తుగా పడిపోయి ఫోన్ తనను తాను ఆపేసుకుంటుంది. పాత ఐఫోన్ల వేగాన్ని తగ్గించామని ఆపిల్ 2017 డిసెంబరులో ఒప్పుకుని క్షమాపణ చెప్పినప్పుడు ఆ సంస్థ చూపిన కారణం కూడా ఇదే. మూడేళ్లపాటు రోజుకొక నిండు ఛార్జింగ్ అంటే వెయ్యి ఛార్జింగ్ చక్రాలు దాటినట్టు లెక్క. కాబట్టి మీ నాన్నగారి బ్యాటరీ చెడిపోయిందని కాదు, వయసైపోయిందని అనుకోవాలి.

సమాధానం 2: రెండు చక్రాల బతుకు

నేను హైదరాబాదులో డెలివరీ పని చేస్తాను. పవర్ బ్యాంక్ సలహా గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే అది ఎప్పుడూ నా సంచిలోనే ఉంటుంది. 10,000 అని రాసి ఉన్న పవర్ బ్యాంక్ 5000 బ్యాటరీ ఉన్న ఫోన్‌ను రెండుసార్లు నింపుతుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. వోల్టేజీ మార్పిడిలోనూ, వేడి రూపంలోనూ కొంత పోతుంది కాబట్టి ఒకటింబావు సార్లు నిండితే మంచిదే అనుకోవాలి. పైగా దానికి కూడా రాత్రి గుర్తుపెట్టుకుని ఛార్జింగ్ పెట్టాలి, వైరు కూడా వెంట ఉండాలి, వాన వస్తే రెండింటినీ కాపాడుకోవాలి. మధ్యాహ్నం ఎండలో హ్యాండిల్‌కు బిగించిన ఫోన్ ఒక దశలో వేడి ఎక్కువై ఛార్జింగే ఎక్కించుకోదు, అప్పుడు పవర్ బ్యాంక్ నిండుగా ఉన్నా ఉపయోగం లేదు.

మా పనిలో ఫోన్ ఆగితే ఆర్డర్లు ఆగుతాయి, ఆర్డర్లు ఆగితే ఆ పూట కూలి పోతుంది. అందువల్ల ఈ బాధలన్నీ భరిస్తాము. పొలం పనిలో ఉన్న పెద్దాయనకు ఇంకొక వస్తువును మోసే బాధ్యత పెట్టడం నాకు సరిగా తోచడం లేదు. యార్డుకు వెళ్లే రోజుల వరకు వెంట పెట్టుకుంటే చాలు.

సమాధానం 3: మ్యూనిక్ మామిడి

అంకెల విషయంలో మీకు ఉపయోగపడే సమాచారం ఒకటి ఉంది. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుంచి అమ్మకానికి వచ్చే స్మార్ట్‌ఫోన్ల మీద ఒక లేబుల్ తప్పనిసరి చేశారు. ఒకసారి నిండా ఛార్జింగ్ పెడితే ఒక ప్రామాణిక పరీక్షలో ఎన్ని గంటలు, ఎన్ని నిమిషాలు నడిచిందో దానిపై ఉంటుంది. ఎన్ని చక్రాల వరకు బ్యాటరీ 80 శాతం సామర్థ్యాన్ని నిలుపుకుంటుందో కూడా ఉంటుంది. కనీసం 800 చక్రాలు నిలవాలన్నది నియమం. ఆ వివరాలను ఎవరైనా అంతర్జాలంలో చూడవచ్చు. ఇక్కడ మ్యూనిక్‌లో దుకాణంలో ఆ లేబుళ్లను పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకే అంకె ఉన్న ఫోన్ల మధ్య కూడా గంటల్లో తేడా కనిపిస్తుంది.

ఒక హెచ్చరిక. 20 వాట్ అవర్ (నిల్వ ఉండే శక్తికి కొలత) దాటిన బ్యాటరీ సెల్లుల రవాణాకు నిబంధనలు కఠినంగా ఉండడం వల్ల, అదే పేరున్న ఫోన్‌ను కొన్ని కంపెనీలు ఐరోపాలో చిన్న బ్యాటరీతోనూ, భారతదేశంలో పెద్ద బ్యాటరీతోనూ అమ్ముతాయి. కాబట్టి గంటలను యథాతథంగా తీసుకోకుండా, మన్నే చక్రాల సంఖ్యను చూసి కంపెనీ నాణ్యతను అంచనా వేయండి. మూడేళ్లు వాడే మనిషికి మొదటి రోజు గంటల కంటే మూడో ఏటి గంటలే ముఖ్యం.

సమాధానం 4: బీఎల్ ఫైవ్‌సీ

అందరూ పెద్ద బ్యాటరీ వైపే మొగ్గుతున్నారు కాబట్టి నేను భిన్నంగా చెబుతాను. 2003లో వచ్చిన నోకియా 1100 ఫోన్ 850 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాటరీతోనే రోజుల తరబడి నడిచేది, ఎందుకంటే దానికి రంగుల తెర లేదు, ఇంటర్నెట్ లేదు. ఇవాళ్టికీ బటన్ ఫోన్లు అలాగే నిలుస్తున్నాయి. 2022 మార్చిలో ప్రారంభమైన యూపీఐ 123పే ద్వారా బటన్ ఫోన్ నుంచి కూడా డబ్బు చెల్లించవచ్చు. బ్యాంకు ఖాతాకు జోడించిన సిమ్‌ను బటన్ ఫోన్‌లో వేసి పొలానికి ఇచ్చి పంపండి, స్మార్ట్‌ఫోన్‌ను ఇంట్లో ఉంచండి. 7000 బ్యాటరీ ఉన్న బరువైన ఫోన్‌ను చొక్కా జేబులో వేసుకుని వంగి మిరపకాయలు కోసే మనిషి కష్టం కూడా ఆలోచించాలి.

ప్రశ్నించిన వారు: పల్నాటి మిర్చి

అందరికీ ధన్యవాదాలు. బటన్ ఫోన్ ఆలోచన బాగుంది, కానీ తెగుళ్లు పట్టిన ఆకుల ఫొటోలు తీసి వ్యవసాయాధికారికి వాట్సాప్‌లో పంపడం నాన్నగారికి అలవాటైపోయింది, బటన్ ఫోన్‌కు ఆయన ఒప్పుకోరు. 4జీ మార్పు ఫోన్‌లోనే చెప్పి చేయించాను, సాయంత్రానికి కొంత మిగులుతోందని అన్నారు. కాబట్టి ముందు బ్యాటరీ మార్చించి చూద్దామనిపిస్తోంది. ఇంకొక సంగతి, ఫోన్ వెనుక మూత ఒక పక్క కొంచెం పైకి లేచినట్టు ఉందట. కింద పడినందువల్ల అయి ఉంటుందని ఆయన దానికి రబ్బరు బ్యాండు వేసి వాడుతున్నారు.

సమాధానం 5: విడిభాగాల వీధి

పన్నెండేళ్లకు పైగా మొబైల్ మరమ్మతుల పనిలో ఉన్నాను. మీ చివరి వాక్యం చదివి మిగతా విషయాలు పక్కన పెట్టి రాస్తున్నాను. మూత లేచిందంటే బ్యాటరీ ఉబ్బి ఉండే అవకాశం చాలా ఎక్కువ. లోపల వాయువు చేరినప్పుడు అలా జరుగుతుంది. ఆ రబ్బరు బ్యాండు తీసేయమనండి, ఎందుకంటే ఉబ్బిన బ్యాటరీని అదిమి ఉంచితే లోపలి పొరలు కలిసి మంట అంటుకునే ప్రమాదం ఉంది. ఈ రాత్రి ఛార్జింగ్ పెట్టవద్దు, ఫోన్‌ను దిండు కింద గానీ చొక్కా జేబులో గానీ ఉంచవద్దు, సూదితో గుచ్చి గాలి తీస్తామనేవారి దగ్గరకు అసలే వెళ్లవద్దు.

రేపు కంపెనీ అధీకృత సర్వీసు సెంటరుకు పంపించండి. మామూలు ఫోన్లలో చాలావాటికి బ్యాటరీ మార్పిడి ఖర్చు కొత్త ఫోన్ ధరలో పదో వంతుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. బయట చేయించవలసి వస్తే, అదే పరిమాణంలో ఉండి అసలు దానికంటే ఎక్కువ అంకె వేసిన బ్యాటరీని తీసుకోవద్దు, అది కేవలం స్టిక్కరు. అయితే డబ్బు పెట్టే ముందు సెట్టింగులలో చివరి సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. అది ఏడాది కంటే పాతదైతే కొత్త బ్యాటరీ దండగ, ఎందుకంటే పాత సాఫ్ట్‌వేర్ మీద బ్యాంకు యాప్‌లు ఒక్కొక్కటిగా పనిచేయడం మానేస్తాయి, అప్పుడు కొత్త ఫోన్ కొనండి. అందులో 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే సదుపాయం ఉంటే మామూలు రోజుల్లో దాన్ని పెట్టి ఉంచి, యార్డుకు వెళ్లే ముందు రాత్రి మాత్రం తీసేయమని చెప్పండి.

తీసిన పాత బ్యాటరీని ఇంటికి తెచ్చుకోవద్దు, చెత్తలో వేయవద్దు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడిన బ్యాటరీల సేకరణ బాధ్యత వాటిని మార్కెట్లోకి తెచ్చిన కంపెనీలదే కాబట్టి, సర్వీసు సెంటరులోనే అప్పగించి రమ్మనండి.