సంక్రాంతికి కోనసీమ: రిసార్టు కాకుండా ఊరు చూడాలంటే?

హైదరాబాదీ_నాన్న: అందరికీ నమస్కారం. ఈసారి పండక్కి అమ్మానాన్నల్ని, పిల్లలిద్దర్ని తీసుకుని కోనసీమ వెళ్దామనుకుంటున్నాం. నెట్‌లో ఎక్కడ వెతికినా దిండి, హౌస్‌బోటు, రిసార్టు, ఇవే వస్తున్నాయి. మాకు ఊరు చూడాలనుంది. మా పాప ఇంతవరకు వరిగట్టు మీద నడవలేదు, చెట్టు మీంచి కొబ్బరికాయ దింపడం చూడలేదు. కనుమనాడు అక్కడ జరిగే ప్రభల తీర్థం ఉత్సవం సంగతి కూడా 2023లో ఢిల్లీ రిపబ్లిక్ డే పరేడ్‌లో మన శకటం చూశాకే నాకు తెలిసింది. మూడు రోజులే ఉన్నాయి, ఎలా ప్లాన్ చేసుకోమంటారు?

లంకగాలి: మాది అంబాజీపేట పక్కనే అండి. కనుమ రోజు ఇంకేం పెట్టుకోకండి, జగ్గన్నతోటకి వచ్చేయండి. మొసలపల్లి దగ్గర కొబ్బరితోట అది, గుడి ఉండదు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పదకొండు మంది రుద్రులు, అంటే శివుడి రూపాలు, ప్రభల మీద అక్కడికి వస్తారు. ప్రభంటే వెదురుతో ఎత్తుగా కట్టి, రంగుబట్టలతో అలంకరించి, భుజాల మీద మోసుకొచ్చేది. వ్యాఘ్రేశ్వరం ప్రభ తోటలోకి రాగానే మిగతా ప్రభలన్నిటినీ ఒక్కసారి పైకి లేపుతారు, అది చూసి తీరాలి. గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలవ దాటి రావాలి. పీకల్లోతు నీళ్లలో దిగిన కుర్రాళ్లు "అశ్శరభ శరభ" అంటూ, అంత ఎత్తు ప్రభ ఒరగకుండా భుజాల మీద అవతలి గట్టుకి చేరుస్తారు. ఏటా చూస్తున్నా ఆ పది నిమిషాలు నాకు ఊపిరాడదు.

ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. ప్రభలు పచ్చటి చేలల్లోంచే వెళ్తాయి. స్వామి తొక్కిన చేను బాగా పండుతుందని రైతు సంతోషంగా దారిస్తాడు. ఆ దారి స్వామికి ఇచ్చింది, ఫోటోల కోసం మనం దిగడానికి కాదు. పిల్లల్ని గట్టు మీదే ఉంచండి.

సార్వా_దాళ్వా: తీర్థం సరే గానీ, పిల్లలకి వ్యవసాయం చూపించడానికి సంక్రాంతి సరైన టైం కాదని నా అభిప్రాయం. పండగ మూడు రోజులూ ఎవరూ పనిలోకి దిగరు, రోడ్లన్నీ కార్లే. కార్తీకం దాటాక సార్వా (వానాకాలం వరి) కోతలప్పుడు వస్తే కోత, కుప్ప, నూర్పు అన్నీ కనిపిస్తాయి. పచ్చదనం చూసి ఇక్కడంతా బాగుందనుకుని వెళ్లిపోతారు చాలామంది. 2011లో గిట్టుబాటు కాక ఇదే కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించారు, మా నాన్న కూడా వేయలేదు. నీళ్లున్నాయి, చేను బీడు. ఆ ఏడు మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. వచ్చినవాళ్లు ఎవరైనా రైతుతో ఓ గంట కూర్చుని మాట్లాడండి, దయచేసి.

హైదరాబాదీ_నాన్న: మీ నాన్నగారి సంగతి చదివాక చాలాసేపు ఏం రాయాలో తోచలేదండి. పండక్కి తీర్థం, కోతలకి మళ్లీ రెండు రోజులు వస్తాం. మరి కొబ్బరి దింపు?

లంకగాలి: దానికి సీజన్ లేదు, ఏడాది పొడవునా రెండు నెలలకోసారి ఏదో ఒక తోటలో దింపు ఉంటుంది, కనుమ దాటాక ఉండి అడగండి. చెట్ల మధ్య అరటి, కోకో, కంద ఎలా వేస్తామో కూడా చూడొచ్చు.

పూతరేకు: అమలాపురానికి రైలు లేదు కాబట్టి రాజమండ్రిలోనే దిగుతారుగా, ముందు ధవళేశ్వరం చూపించండి. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేసిన ఆనకట్ట వల్లే ఈ డెల్టా పచ్చగా ఉంది, ఇప్పుడున్న బ్యారేజీ తర్వాత కట్టింది. అక్కణ్ణుంచి ఆత్రేయపురం. అక్కడి పూతరేకులకి 2023లో జీఐ (ఆ ఊరి ప్రత్యేకత అని చెప్పే భౌగోళిక) గుర్తింపు వచ్చింది. షాపులో డబ్బా కొనుక్కుని వచ్చేయకండి, రేకు తీసే ఇంటికి వెళ్లండి. బోర్లించిన కుండ కింద మంట, పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డని కుండ మీద ఒక్కసారి పరిచి తీస్తే రెప్పపాటులో రేకు. పొద్దస్తమానం ఆ సెగ దగ్గరే కూర్చునే ఆడవాళ్లు వాళ్లు, బేరం ఆడకండి.

లంకగాలి: కనుమనాడు కారు దూరంగానే ఆపేస్తారు, పెద్దవాళ్లున్నారు కాబట్టి ఎండెక్కక ముందే తోటకి చేరిపోండి.