'వడ' తర్వాత ఏముంది?

(మాట్లాడేవాళ్ల పేర్లకు బదులు వాళ్ల ఊళ్ల పేర్లున్నాయి.)

దేవరకొండ: ఎనిమిదో తరగతిలో మా సైన్సు సారు ఆకు పాఠంలో పత్రరంధ్రాల గురించి, అంటే ఆకు మీద గాలీ తేమా వచ్చిపోయే సన్నని సందుల గురించి చెప్తూ ఒక మాట కట్టి చెప్పేవారు. నిన్న బస్సులో సగం గుర్తొచ్చింది, మిగతా సగం కోసం రాత్రి నిద్ర పట్టలేదు. "ఆకు ఈపున వేల నోళ్లు, పొద్దు పొడిస్తే తెరుచు, వడ...తే మూయు." ఆ నడిమి ముక్క యాదికొస్తలేదు. 'వడ కొడితే'నా, 'వడలితే'నా?

వనపర్తి: 'వడ కొడితే' అన్నా, అనుమానమే లేదు. 'పొడిస్తే'కు 'కొడితే' జోడీ అని చెవికే తెలుస్తుంది. ఎండాకాలం మన దిక్కు ఎవరి నోట విన్నా 'వడ కొట్టింది' అనే కదా.

మిర్యాలగూడ: ప్రాస కోసమే అయితే 'వడలితే'కూ కుదురుతుంది. పొడి, వడ: రెండో అక్షరం రెండింట్లోనూ డకారమే. నా మటుకు 'వడ'కూ 'వడలు'కూ ఒకటే వేరు. ఎండ తాకిడి 'వడ', తాకితే జరిగేది 'వడలడం'.

వనపర్తి: వేరు ఒకటే అనడానికి ఆధారం చూపండి సార్. 'వాడు' అనే క్రియ ఉండనే ఉంది. పువ్వు వాడింది అంటాం. 'వడలు' దాని చుట్టమే కావచ్చు కదా.

నకిరేకల్: నేను బత్తాయి రైతును, తోటలో చూసింది చెప్తా. ఆకు వాడేదాకా ఆ నోళ్లు ఆగవు. వేడిగాలి మొదలై గాలిలో తేమ తగ్గితే, ఆకు ఇంకా నిగనిగలాడుతుండగానే మూసుకోవడం మొదలుపెడతాయి. వాడిన ఆకు అంటే అప్పటికే ఆలస్యమైందని. కాబట్టి 'వడ కొడితే' అన్నదే నిజానికి దగ్గర.

అచ్చంపేట: అన్నా, వడలేది ఆకు అని ఎందుకనుకోవాలి? నేను బడిలో జీవశాస్త్రం చెప్తాను. ప్రతి రంధ్రానికీ అటొకటి ఇటొకటి రక్షక కణాలుంటాయి. పొటాషియం లోపలికి చేరితే నీళ్లు దాని వెంట వస్తాయి, కణాలు ఉబ్బి విల్లులా వంగుతాయి, మధ్యలో సందు తెరుచుకుంటుంది. నీళ్లు పోతే ఆ రెండూ మెత్తబడి ఒకదానికొకటి ఆనుకుంటాయి, సందు మూసుకుంటుంది. వడలింది ఆ పెదవులు. సారు చెప్పింది నోళ్ల సంగతి కదా, 'వడలితే' నోళ్లకే అంటుతుంది. మొన్న పిల్లలతో బత్తాయి ఆకు కింది వైపు రంగులేని గోళ్ల రంగు పూయించి, ఆరాక టేపుతో ఊడదీయించాను. మైక్రోస్కోపులో చూస్తే చిక్కుడు గింజల జతలు చల్లినట్టున్నాయి. పై వైపు పూసి తీస్తే ఒక్కటి కూడా లేదు. 'ఆకు ఈపున' అన్న మాట బత్తాయికి అక్షరాలా సరిపోయింది.

మిర్యాలగూడ: వరికి సరిపోదు. వరి ఆకుకు రెండు వైపులా ఉంటాయి. తామరాకుకైతే పైనే, కింద నీళ్లు కదా.

కల్వకుర్తి: అసలు 'నోళ్లు' సరైందేనా? చెట్టు ఊపిరి తీసేది అక్కడినుంచే కాబట్టి 'ముక్కు' అనాల్సింది.

అచ్చంపేట: నోరే సరైంది. చెట్టు తన తిండి చేసుకోవడానికి కావలసిన కార్బన్ డై ఆక్సైడ్ ఆ సందులోంచే వస్తుంది. గాలిలో అది ఉండేదే సుమారు 0.04 శాతం. అంత పలుచని తిండి కోసం నోరు తెరవాలి, తెరిస్తే లోపలి తేమ బయటికి పోతుంది. చెట్టు పడే కష్టమంతా అదే. 'స్టోమా' అన్న గ్రీకు మాటకు కూడా నోరనే అర్థం. మన పుస్తకాల్లో 'రంధ్రం' అని రాసి, తెరుచుకోవడం మూసుకోవడం అన్న ప్రాణాన్నే తీసేశారు.

వనపర్తి: అక్కా, ఆ తేమ పోవడాన్ని పిల్లలు 'భాష్పోత్సేకం' అని రాస్తున్నారు, దయచేసి దిద్దండి. 'బాష్పం'లో బకారానికి ఒత్తు లేదు. ఆవిరి అయినా కన్నీరు అయినా అదే మాట.

మిర్యాలగూడ: 'ఉత్సేకం' అంటే పొంగి పొర్లడం. కన్నీరు పొర్లడం అని కూడా చదువుకోవచ్చు, ఎంత చక్కని మాట! అయినా పోతన పేరు మీదున్న చాటువులో సరస్వతి ఏడుస్తుంటే 'బాష్పం' రాలేదు చూడండి. 'కాటుక కంటినీరు' అని తెలుగులో మొదలవుతుంది. 'కైటభదైత్యమర్దనుని' అంటూ సంస్కృతం తర్వాతి పాదంలో వస్తుంది. ముందు కన్నీరు, ఆ తర్వాతే పాండిత్యం. ఆ వరస నాకు ప్రాణం.

కల్వకుర్తి: ఆ పద్యం మా నాయన పొలం గట్టు మీద పాడేవారు. 'చనుకట్టు' దగ్గర గొంతు ఆగేది.

దేవరకొండ: పద్యం విని కడుపు నిండింది కానీ నా ముక్క దొరకలేదు. మా అమ్మనడిగితే 'వడ తాకితే' అని ఉంటుందంది. ఇప్పుడే పాత దోస్తుకు ఫోన్ చేశా. 'వడ' వరకే వాడికీ యాదుంది. కానీ 'వేల నోళ్లు' కాదట, 'వెయ్యి నోళ్లు' అట.

అచ్చంపేట: వెయ్యి ఎట్లా సరిపోతుందన్నా? చాలా ఆకుల్లో ఒక్క చదరపు మిల్లీమీటరులోనే వందకు పైగా ఉంటాయి. 'వేల' అన్నా తక్కువే. మీ దోస్తును ఇంకోసారి అడగండి.