యాజమాన్యం తరఫు లాయర్‌గా చేరాలా వద్దా?

కొత్తకోటు: లా అయిపోయి రెండేళ్లయింది, ఇన్నాళ్లూ సివిల్ కేసుల్లో సీనియర్ వెనక ఫైళ్లు మోశాను. ఇప్పుడు కంపెనీల తరఫున ఉద్యోగ వివాదాలు మాత్రమే చూసే ఆఫీసులో చోటు దొరికేలా ఉంది. నాన్న కార్మిక సంఘంలో పనిచేసిన మనిషి, "ఉద్యోగం పోయినవాడి మీద వాదిస్తావన్నమాట" అని ఒక్క మాటని ఊరుకున్నారు. అప్పట్నుంచి అదే టెన్షన్. అసలు ఈ లైన్‌లో రోజంతా ఏం చేస్తారు? తర్వాత ఉద్యోగుల వైపు మారొచ్చా?

పాతఫైలు: పద్దెనిమిదేళ్లుగా ఇదే నా పని. కోర్టులో నిలబడేది తక్కువ, ఫోన్‌లో "ఆగండి" అని చెప్పేది ఎక్కువ. శుక్రవారం సాయంత్రం ఎవరో మేనేజర్ కోపంగా ఫోన్ చేసి, సోమవారం నుంచి అతను రాకూడదు, లెటర్ తయారు చేయండి అంటాడు. కారణం ఏంటి, కాగితం మీద ఎక్కడుంది, అతను చెప్పేది విన్నారా, ఇదే తప్పు చేసిన మిగతావాళ్లని ఏం చేశారు అని మనం అడగాలి. 1982 నాటి ఐఎల్ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) 158వ ఒప్పందంలో ఉన్నదీ దాదాపు ఇదే: సరైన కారణం లేకుండా తీసేయకూడదు, ప్రవర్తన బాగాలేదని తీసేసేటప్పుడు ముందు జవాబు చెప్పుకోనివ్వాలి. చాలా దేశాలు దానికి ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.

ఒకసారి ఒక సూపర్‌వైజర్‌ని తీసేసిన ఫైలు వచ్చింది. మూడు వార్నింగ్ లెటర్లు, మూడు వేర్వేరు నెలలవి, చూడ్డానికి కేసు గట్టిదే. మొదటి లెటర్ మీద తేదీ మార్చి నెలది, పైన అడ్రసు మాత్రం కంపెనీ ఆగస్టులో మారిన కొత్త ఆఫీసుది! అడిగితే హెచ్ఆర్ మనిషి గోడకేసి చూశాడు. ఇవి దాఖలు చేయను, సెటిల్ చేసుకోండి అన్నాను. చేసుకున్నారు, నాకు మళ్లీ ఇంకో ఫైలు పంపలేదు.

ఎర్రఇంకు: నేను ఉద్యోగుల తరఫు లాయర్‌ని. పైన ఆయన చెప్పింది నిజమే గానీ కాస్త తేనె పూసి చెప్పారు. కేసు ఏళ్ల తరబడి నడిచినా కంపెనీ తట్టుకుంటుంది, జీతం ఆగిపోయినవాడికి వాయిదా పడ్డ ప్రతిసారీ ఇంకో నెల అద్దె అప్పే. క్లయింట్ సాగదీయమని నోరు తెరిచి అడగడు, "కొంచెం టైమ్ తీసుకుందాం" అంటాడు. అప్పుడేమంటావో ఇప్పుడే తేల్చుకో. ఇక మారడం అంటావా, నేను నాలుగేళ్లు అటు చేసే ఇటు వచ్చాను, వాళ్లు ఏ కాగితానికి భయపడతారో తెలియడం బాగా పనికొచ్చింది. కాకపోతే పాత క్లయింట్ రహస్యాలు తెలిసిన విషయంలో వాళ్ల మీదే కేసు పట్టకూడదు.

హెచ్ఆర్_లోపలిమనిషి: క్రాస్‌లో, అంటే కోర్టులో ఎదురు ప్రశ్నలు వేసేటప్పుడు, ఉద్యోగిని ఏడిపించిన లాయర్‌ని మేం మార్చేశాం. కేసు గెలిచాడు, కానీ సాక్ష్యానికొచ్చిన మా స్టాఫ్ అంతా చూశారు, మర్నాడు వాళ్లతో పని చేయించుకోవాల్సింది మేం కదా.

కొత్తకోటు: థాంక్స్ అందరికీ. మార్చి లెటర్ సంగతి నాన్నకి చెప్తే నవ్వారు, ఆ సూపర్‌వైజర్‌కి చివరికి ఎంత ఇచ్చారో అడగమన్నారు.

పాతఫైలు: చెప్పలేను. బయటపెట్టకూడదని సెటిల్‌మెంట్‌లో షరతు ఉంది, ఆ షరతు రాసింది కూడా నేనే.