సాక్ష్యం చెప్పవచ్చు, వాక్యం చెప్పకూడదట. మా పెద్దలకు ఏమని జవాబివ్వాలి?

లెక్కల టీచరమ్మ, ప్రొద్దుటూరు

అందరికీ వందనాలు. నాకు యాభై ఆరేళ్లు. ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెబుతాను. మా మందిరంలో ఇరవై రెండేళ్లుగా సండే స్కూలు నాదే. ఇప్పటి కమిటీలో ఉన్న ఏడుగురిలో ఇద్దరికి బైబిలు పుస్తకాల పేర్లు వరుసగా అప్పజెప్పించింది నేనే.

పోయిన నెల మా పాస్టరు అయ్యగారికి డెంగీ వచ్చి ఆసుపత్రిలో చేరారు. ఆదివారం వాక్యం, అంటే ప్రసంగం, చెప్పేవారు లేరు. ఆయన భార్య, మా అమ్మగారు ఫోను చేసి, "మీరే చెప్పండి టీచరమ్మా" అన్నారు. శనివారం రాత్రి రెండింటి దాకా కూర్చుని రూతు గ్రంథం మీద సిద్ధపడ్డాను. పొద్దున మందిరం మెట్ల మీదే ఒక పెద్దాయన ఆపారు. "మొదటి తిమోతి రెండు పన్నెండు చదవలేదా అమ్మా?" అన్నారు. స్త్రీ ఉపదేశించకూడదని, పురుషుని మీద అధికారం చేయకూడదని అపొస్తలుడు పౌలు రాసిన వచనం అది. చదివాను. ఆయనకంటే ఎక్కువసార్లే చదివి ఉంటాను, కానీ మెట్ల మీద ఆ మాట అనలేం కదా.

చివరికి ఒక రాజీ కుదిర్చారు. వేదిక ఎక్కకూడదు. కింద మైకు దగ్గర నిలబడాలి. దాన్ని వాక్యం అనకూడదు, సొంత అనుభవం చెప్పుకున్నట్టు 'సాక్ష్యం' అనాలి. సరేనన్నాను. నలభై నిమిషాలు మాట్లాడాను. అదే రూతు, అవే మాటలు, ఒక్క ముక్క తగ్గించలేదు. ఆమేన్ అన్నవారిలో అందరికంటే గట్టిగా అన్నది ఆయనే.

మా నాయనమ్మ జమ్మలమడుగు చుట్టుపక్కల ఊళ్లలో బైబిలు స్త్రీగా, అంటే ఊరూరా తిరిగి బైబిలు చెప్పే మనిషిగా పనిచేసింది. చంకలో బొమ్మల పటాలు పెట్టుకుని నల్లరేగడి బురదలో నడిచి వెళ్లేదట. ఆమె చెప్పింది విని కుటుంబాలకు కుటుంబాలే నమ్మాయి. బాప్తిస్మం ఇవ్వడానికి మాత్రం మిషను దొరగారు వచ్చేవారు. ఆమె చెప్పినదాన్ని కూడా ఎవరూ ప్రసంగం అనలేదు.

'కాలం మారింది' అనే జవాబు నాకొద్దు. ఆ మాట అనగానే లోకంతో రాజీ పడుతున్నావంటారు. నంద్యాలలో ఒక స్త్రీ బిషప్పు అయిన సంగతి ఎత్తితే, "అది సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) వాళ్ల విషయం, మనకెందుకు" అని తోసేశారు. వచ్చే శనివారం కమిటీ కూర్చుంటుంది. లేఖనంలో నుంచే మాట్లాడాలి. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

విశ్రాంత పాస్టరు, కర్నూలు

వందనాలమ్మా. నంద్యాల సంగతి అంత తేలిగ్గా వదలకండి. 2013 సెప్టెంబరు 30న అక్కడ పుష్పలలిత గారు బిషప్పుగా అభిషేకం పొందారు. సి.ఎస్.ఐ.లో ఆ పదవికి వచ్చిన మొదటి స్త్రీ ఆమె. అప్పటికి నంద్యాల మా కర్నూలు జిల్లాలోనే ఉంది. అయినా మీ పెద్దలు లేఖనమే అడుగుతున్నారు కాబట్టి అక్కడికే వద్దాం.

తిమోతి దగ్గర మొదలుపెట్టకండి. పౌలు రోమా సంఘానికి రాసిన పత్రికలో 16వ అధ్యాయం దగ్గర మొదలుపెట్టండి. చివరన పేర్ల జాబితా కదా అని అందరూ దాటేసే అధ్యాయం అది. మొదటి వచనంలోనే కెంక్రేయ సంఘపు ఫీబే ఉంది. మన తెలుగు బైబిలు ఆమెను 'సంఘపరిచారకురాలు' అంది. ఆ మాట వినగానే మనవాళ్లకు మందిరం ఊడ్చి చాపలు పరిచే మనిషి, ప్రేమ విందులో అన్నం వడ్డించే మనిషి గుర్తొస్తారు. గ్రీకులో అక్కడున్నది 'డియాకొనోస్'. "అపొల్లో ఎవడు? పౌలెవడు? పరిచారకులే గదా" అని కొరింథీయులకు రాసినచోట ఉన్నదీ అదే. పౌలుకు అతికిన మాట ఫీబేకు వచ్చేసరికి చీపురు ఎందుకయిందో మీ పెద్దలను అడగండి. రోమా పత్రికను రోమాకు తీసుకువెళ్లింది ఆమేనని పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. ఆ పత్రిక గురించి అక్కడివాళ్లకు సందేహం వస్తే ఎదురుగా ఉన్న మనిషి ఆమే కదా.

ఏడో వచనంలో యూనీయ ఉంది. అపొస్తలులలో ప్రసిద్ధికెక్కినవారిలో ఒకరు. ఇది మగవాడి పేరని తర్వాతి కాలంలో కొందరు వాదించారు. కానీ నాలుగో శతాబ్దపు సంఘ బోధకుడు క్రిసొస్తొము, స్త్రీలకు యాజకత్వం ఇవ్వడానికి ఏమాత్రం ఇష్టపడని మనిషి, ఆమెను స్త్రీగానే చదివి, అపొస్తలురాలు అనిపించుకునేంత గొప్పదని మెచ్చుకున్నాడు.

ఇక తిమోతి. పౌలు తన శిష్యుడు తిమోతికి రాసిన పత్రిక అది. దాన్ని అందుకునే సమయానికి తిమోతి ఎఫెసు పట్టణంలో ఉన్నాడు. అబద్ధ బోధ ఆపమనే పౌలు అతన్ని అక్కడ ఉంచాడు, ఒకటో అధ్యాయంలోనే ఉంది. అదే ఎఫెసులో అంతకుముందు ఏం జరిగింది? లేఖనాల్లో ప్రవీణుడైన అపొల్లోను ప్రిస్కిల్ల, అకుల ఇంటికి పిలిచి దేవుని మార్గాన్ని మరింత పూర్తిగా వివరించారు. మన బైబిల్లో అక్కడ భార్య పేరే ముందుంది. ఆ ఊళ్లో ఒక స్త్రీ ఒక ప్రసంగీకుణ్ణి దిద్దితే పౌలుకు అభ్యంతరం లేదు. పైగా రోమా 16లో ఆమెను 'జతపనివారు' అన్నాడు. అందుకని పన్నెండో వచనం అన్ని ఊళ్లకూ, అన్ని కాలాలకూ వేసిన తాళం అనడం కష్టం. అక్కడ 'అధికారము చేయుట' అన్న మాటకు గ్రీకులో ఉన్న క్రియ కొత్త నిబంధన మొత్తంలో ఆ ఒక్కచోటే వస్తుంది. మామూలుగా అధికారానికి పౌలు వాడే మాట అది కాదు. పదకొండో వచనం కూడా చదివించండి. ఆజ్ఞ అక్కడుంది: స్త్రీలు 'నేర్చుకొనవలెను'. నేర్చుకున్నవారు ఎప్పటికీ నేర్పకూడదన్న నియమం ఏ బడిలో ఉంటుందో, మీరే టీచరు, మీరే చెప్పండి.

ఒక విశ్వాసి, ఆదోని

పాస్టరు గారి మీద గౌరవంతోనే అంటున్నాను. పౌలు ఎఫెసు పరిస్థితిని కారణంగా చూపలేదు. ఆ తర్వాతి వచనంలోనే 'మొదట ఆదాము', తరువాత హవ్వ అని సృష్టి క్రమం చూపాడు. యేసు ప్రభువు ఎంచుకున్న అపొస్తలులు పన్నెండుమందీ పురుషులే. ఇశ్రాయేలుకు న్యాయాధిపతిగా ఉన్న దెబోరా ఉంది నిజమే, మగవాళ్లు ముందుకు రాని రోజుల్లో దేవుడు ఆమెను వాడుకున్నాడు. మొదటి కొరింథీ 14లో స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలని సూటిగా రాసి ఉంది. ఇంతకంటే స్పష్టంగా ఎలా రాస్తారు?

స్త్రీల కూడిక సెక్రటరీ, అనంతపురం

అన్నా, కొరింథీ 14లో 'మౌనముగా ఉండవలెను' మూడుసార్లు ఉంది. అర్థం చెప్పేవాడు లేనప్పుడు భాషలతో మాట్లాడేవాడికి ఒకసారి, పక్కవాడికి ప్రత్యక్షత వచ్చినప్పుడు ప్రవక్తకు ఒకసారి, స్త్రీలకు ఒకసారి. మొదటి ఇద్దరి నోరూ జీవితాంతం కుట్టేయలేదు కదా. పైగా మూడు అధ్యాయాల ముందు, స్త్రీ ప్రార్థన చేసేటప్పుడు, ప్రవచించేటప్పుడు తల మీద ముసుగు ఉండాలన్నాడు. మాట్లాడనే కూడనిదానికి ముసుగు నియమం దేనికి?

మగవాళ్లు లేకపోతేనే స్త్రీలు అన్న మాటకు ప్రవక్త్రి హుల్దాను చూడండి. యూదా రాజు యోషీయా ఏలుబడి పద్దెనిమిదో ఏట మందిరంలో ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది. యిర్మీయా అప్పటికి అయిదేళ్లుగా ప్రవచిస్తున్నాడు, ఆయన పరిచర్య యోషీయా పదమూడో ఏట మొదలైంది. ప్రవక్తలకు కరువు లేదు. అయినా ప్రధాన యాజకుడు హిల్కీయా, మరో నలుగురు రాజు మనుషులు కలిసి ఒక ఇల్లాలి, ఈ హుల్దా, గుమ్మం ముందు నిలబడ్డారు. దేవుని మాటేమిటో చెప్పింది ఆమె.

సృష్టి క్రమం అంటారా, ఆదికాండం 2లో 'సాటియైన సహాయము' ఉంది. సహాయం అనగానే మనకు పనిమనిషి గుర్తొస్తుంది. హెబ్రీలో అది 'ఏజెర్'. పాత నిబంధనలో ఆ మాట ఎక్కువగా దేవుడి గురించే వాడారు. మన ఊళ్లలో సగం మందిరాలకు ఎబెనెజరు అని పేరు పెట్టుకుంటాం, అందులో ఉన్నది అదే మాట. గోడ మీద దేవుడికి రాసిన మాట ఇంట్లో భార్యకు వచ్చేసరికి చిన్నదైపోతుందా?

విశ్రాంత పాస్టరు, కర్నూలు

ఆదోని తమ్ముడికి ఒక్క మాట. పన్నెండుమందీ పురుషులే, నిజం. పన్నెండుమందీ యూదులు కూడా. ఆ లెక్కన మీరూ నేనూ వేదిక దిగాల్సిందే. 'మొదట ఆదాము' అన్న పౌలే, స్త్రీ పురుషునినుండి కలిగినట్టే పురుషుడు స్త్రీ మూలంగా కలిగాడని మొదటి కొరింథీ 11లో రాశాడు. రెండూ కలిపి చదవాలి. మీ ప్రశ్న మాత్రం నిజాయితీ గలదే. ఆ వచనంతో నేనూ చాలా ఏళ్లు కుస్తీ పట్టాను. మొదట్లో మీ పక్షమే.

లెక్కల టీచరమ్మ, ప్రొద్దుటూరు

కమిటీ అయింది. అందరికీ కృతజ్ఞతలు. ఫీబే దగ్గరే మొదలుపెట్టాను. ఇద్దరు తలూపారు, నా పాత విద్యార్థులే, కాబట్టి లెక్కలోకి తీసుకోను. చీపురు మాటకు అయ్యగారు నవ్వారు. ప్రస్తుతానికి నెలకొక ఆదివారం ఇచ్చారు. కింద మైకు దగ్గరే. పేరు మాత్రం సాక్ష్యం నుంచి 'సందేశం' అయింది. వేదికకు ఇంకా మూడు మెట్లున్నాయి.

మెట్ల మీద ఆపిన పెద్దాయన అంతసేపూ ఏమీ మాట్లాడలేదు. మందిరం ప్రహరీకి సున్నం ఖర్చు గురించి చర్చ మొదలయ్యాక నా వైపు వంగి, "ఆ హుల్దా ఎక్కడుందమ్మా?" అని అడిగారు. రెండవ రాజులు ఇరవై రెండు అన్నాను. చొక్కా జేబులోంచి కళ్లజోడు తీసి చదవడం మొదలుపెట్టారు. సున్నానికి ఆయన సంతకం కావాలని కార్యదర్శి రెండుసార్లు పిలిచినా పలకలేదు.