వరిగడ్డి చుట్టలకు లోడర్‌కు రెండు స్పైకులా, క్లాంపా?

కర్నూలు దగ్గర, కేసీ కెనాల్ కింది పొలం. 45 హెచ్‌పీ టూ వీల్ డ్రైవ్ ట్రాక్టర్‌కు ఫ్రంట్ లోడర్ ఉంది. చుట్ట 4 అడుగుల వ్యాసం, కాటా మీద 250 కిలోలు.

బకెట్‌కు గొలుసు కట్టి ఎత్తితే, ట్రాలీ ఎత్తుకు వచ్చేసరికి చుట్ట లోడర్ చేతుల మీదుగా డ్రైవర్ వైపు దొర్లబోయింది. ఆ పద్ధతి అప్పుడే మానేశాం. తర్వాత చుట్టలో గుచ్చి ఎత్తే 3 అడుగుల స్పైక్ ఒక్కటే వేయించాం. పొడిగడ్డి జారుడు కదా, గట్టు దిగేటప్పుడు చుట్ట గిర్రున తిరిగి ముందుకు జారిపోతోంది. స్పైకును 10 డిగ్రీలు వెనక్కి వంచినా అంతే. వెనక టైర్లలో 75 శాతం నీళ్లు, వెనక పనిముట్లు తగిలించే త్రీ పాయింట్‌కు 200 కిలోల బరువు ఉన్నాయి, వెనక చక్రాలు లేవడం లేదు. చుట్టను నేలకు అడుగున్నర ఎత్తులోనే నడుపుతున్నాం.

వామి వేయడానికి రెండు చుట్టల ఎత్తు చాలు. ఈ బరువుకు రెండు పొడవాటి స్పైకులు సరిపోతాయా, పక్కల నుంచి పట్టే క్లాంపే కావాలా?